తొమ్మిది గుంటల మధ్యాహ్నాలు

మొన్నటి చలికాలమంతా నేను గోల్ఫ్ ఆడాను. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో, ఏడో అంతస్తులో, కిటికీలన్నీ బిగించుకుని ఆడాను. అసలు గోల్ఫ్ మైదానాన్ని నేను జీవితంలో ఒక్కసారే చూశాను. అదీ నోయిడాలో, కారు అద్దంలోంచి, సిగ్నల్ పడేదాకా.

టీవీకి తగిలించే వీడియోగేమ్ కన్సోల్ మా అమ్మాయి స్నిగ్ధది. జులైలో బెంగళూరు కాలేజీలో చేరుతూ, హాస్టల్లో పెట్టుకోనివ్వరని ఇక్కడే వదిలి వెళ్ళింది. అది వదిలిన ఆటల్లో తుపాకులూ రక్తమూ లేనిది ఇదొక్కటే. మా ఆయన మహేష్ ఆఫీసు గుర్గావ్‌లో. దీపావళి దాటి పొగమంచు దిగిందంటే ఇక్కణ్ణుంచి అక్కడికి మూడు గంటలు. అందుకని ఆ సీజనంతా సోమవారం పొద్దున్నే వెళ్ళి, కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉండి, శుక్రవారం సాయంత్రం వచ్చేవారు.

ఒక్క మనిషికి వండుకోవడానికి అరగంట చాలు. పదకొండున్నరకల్లా స్నానం, దీపం, వంట అన్నీ అయిపోయి సోఫాలో కూర్చుంటే ఎదురుగా నల్లటి టీవీలో నేనే కనిపించేదాన్ని. నవంబరు మొదటి వారంలో, గాలి బాగాలేదు, కిటికీలు తెరవొద్దనీ నడకకి రావొద్దనీ అపార్ట్‌మెంట్ సొసైటీ గ్రూపులో నోటీసు పెట్టారు. ఆ రోజే కన్సోల్ మీద దుమ్ము తుడుస్తుంటే ఏదో నొక్కుకుపోయి టీవీ వెలిగింది. పచ్చటి నేల కనిపించింది. దాని మీద నీలం ఆకాశం. మా బాల్కనీలోంచి చూస్తే ఎదుటి టవరు సగమే కనపడుతున్న రోజులవి. నేను గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

గోల్ఫ్ లెక్క తిరకాసుగా ఉంటుంది. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. సగం ఆటకి తొమ్మిది గుంటలు. ఒక్కోదానికి ఇన్ని దెబ్బలని వాళ్ళే ఒక అంకె ఇస్తారు. మొదటి గుంటకి నాలుగు అన్నారు. నేను పద్దెనిమిది కొట్టాను. గణితంలో బీఎస్సీ చదివిన దాన్ని, కోణమూ వేగమూ తెలిసిన దాన్ని, పద్దెనిమిది. మర్నాడు పదకొండు. వారం తిరిగేసరికి అయిదు.

ఫోన్లో చెబితే స్నిగ్ధ నమ్మలేదు. "మమ్మీ, సీరియస్లీ? వో తో ఫ్రీ మే ఆయా థా," అంది. అది కన్సోల్‌తో పాటు ఊరికే వచ్చిన ఆటట. నేను తెలుగులో అడగడం, అది హిందీలో జవాబు చెప్పడం మా ఇంట్లో పదేళ్ళ అలవాటు. రిమోట్ ఒకవైపుకి లాగుతోందన్నాను. రిమోట్ కాదు, కంట్రోలర్ అనాలంది. ఆటలో ఏం బాగుందో ఏం బాగాలేదో రాసి పంపితే నెట్లో పెడతానని నవ్వింది. అది నవ్వులాటకి అన్న మాటే. నేను పాత డైరీ తీసి, పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీశాను.

బాగున్నవాటి వైపు మొదట గడ్డి రాశాను. కోసిన గడ్డి ఒక రంగు, కోయనిది ఇంకో రంగు. పొద్దుటి పూట ఆటైతే బంతి దొర్లిన దారంతా మంచు చెరిగి గీత పడుతుంది. చెట్ల నీడలు ఏ గుంట దగ్గర చూసినా సూర్యుడికి ఎదురువైపే పడతాయి. అది నేను ఒక పూటంతా పని పెట్టుకుని పరీక్షించాను. గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చూపించే బాణం అబద్ధం చెప్పదు. పది అంటే పదే.

బాగోలేనివి ఎక్కువున్నాయి. వ్యాఖ్యానం చెప్పే ఇద్దరు ఇంగ్లీషు మగవాళ్ళకి కలిపి పంతొమ్మిది వాక్యాలే వచ్చు. బంతి నీళ్ళలో పడినప్పుడల్లా ఒకతను ఒకే రకంగా నిట్టూరుస్తాడు. చప్పట్లు కొట్టే జనంలో ఎర్రటోపీ మనిషి ఒకే గుంటకి రెండు పక్కలా నిలబడి ఉంటాడు. పిట్టలు కూస్తాయి గానీ ఒక్కటీ కనపడదు. గుంట దగ్గరి చిన్న దెబ్బలకి కంట్రోలర్ మరీ సున్నితం, ఊపిరి తగిలినా బంతి దాటిపోతుంది. అన్నిటికన్నా కింద, కాస్త నొక్కి రాశాను. కొట్టిన దెబ్బ నచ్చకపోతే ఒక బటన్ నొక్కి దాన్ని లేనట్టు చేసి మళ్ళీ కొట్టవచ్చు. ఇది ఉండకూడదు. ఇది ఉంటే అది ఆట కాదు.

ఆ పేజీ స్నిగ్ధకి ఫొటో తీసి పంపాను. నవ్వే బొమ్మలు మూడు పంపించింది.

ఆనందకుమారి మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఆ తర్వాత వారంలోనే. నాకు రావలసిన పార్సిలు పదకొండో అంతస్తులో వాళ్ళింటికి వెళ్ళింది. మధ్యాహ్నం రెండింటికి బెల్లు మోగితే తలుపు తీశాను. నలభై దాటిన మనిషి, మాస్కు, నర్సుల స్వెట్టరు, కళ్ళ కింద వాపు. పేరు చూసి తెలుగువాళ్ళని తెలిసిందండీ, అంది. మీరెక్కడివారని అడిగాను. "నర్సాపురమండీ, ఆయ్," అంది. మాది తణుకు. ఢిల్లీలో ఇరవై ఏళ్ళ తర్వాత 'ఆయ్' అనే మాట గుమ్మంలో నిలబడి వినడం ఎలా ఉంటుందో నేను రాయలేను.

ఆమె నా భుజం మీదుగా లోపలికి చూసింది. "మ్యాచ్ చూస్తున్నారా?"

"చూడటం కాదండీ. ఆడుతున్నాను."

"ఎంత పచ్చగా ఉందండీ," అంది. తర్వాత చెప్పుల్లోంచి ఒక కాలు బయటికి తీసింది. అంటే కూర్చుంటుందని అర్థం.

అలా మొదలైంది. ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. నైట్ డ్యూటీ. పొద్దున్న ఎనిమిదిన్నరకి వచ్చి, వంట చేసి, పడుకుంటే పన్నెండింటికల్లా మెలకువ వచ్చేస్తుందట, మళ్ళీ పట్టదట. భర్త పౌలురాజు లాబ్ టెక్నీషియన్, నాలుగింటికి గానీ రారు. పిల్లలు లేరు. సాయంత్రం ఆరున్నరకి వ్యాను వచ్చేదాకా ఆమెదీ నాలాంటి మధ్యాహ్నమే.

ఉన్నది ఒకటే కంట్రోలర్. ఆమె కొట్టాక నాకు, నేను కొట్టాక ఆమెకి. ఆటలో మన బొమ్మని మనమే తయారుచేసుకోవచ్చు. నేను నాలాంటిదాన్నే చేసుకున్నాను, కళ్ళజోడుతో సహా. ఆమె తన బొమ్మని ఆరడుగుల పొడుగు చేసి, నల్ల చలువ కళ్ళద్దాలు పెట్టి, తెల్ల ప్యాంటు వేసింది. తెల్లది రోజూ వేసుకునేదే కదా అన్నాను. డ్యూటీలో నీలం వేసుకుంటామండీ, తెల్లది పెళ్ళి రోజు తర్వాత ఇదే, అంది.

ఆడటంలో ఆమెకి ఓపిక లేదు. నేను బాణం చూసి, దూరం చూసి, కర్ర మార్చి కొట్టేదాన్ని. ఆమె కంట్రోలర్ చేతికి రాగానే కొట్టేసేది. కొట్టాక బంతితో మాట్లాడేది. ఆగవే, అక్కడే ఆగు తల్లీ, ఇంకెక్కడికి పోతావు, అని. ఇంగ్లీషాయన నిట్టూరిస్తే, నువ్వు నోర్ముయ్యవయ్యా, నీ సొమ్మేం పోయింది, అనేది. నేను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఆ రెండు గంటల్లో నేను మాట్లాడే తెలుగు వారం మొత్తం మీద మిగతావాళ్ళతో మాట్లాడేదానికన్నా ఎక్కువ. బీరకాయ తొక్కు పచ్చడి గురించి, నర్సాపురం లేసుల గురించి, గోదారి దాటే పడవల్లో సైకిళ్ళు ఎక్కించేవాళ్ళ గురించి. నన్ను వీణగారూ అనేది. నేను ఆనందగారూ అనేదాన్ని. సొసైటీలో తక్కినవాళ్ళకి నేను భాభీజీని, వాళ్ళ పిల్లలకి ఆంటీని.

మూడున్నరకి నేను టీ పెట్టడానికి లేచేదాన్ని. మా వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. స్టవ్ దగ్గర నిలబడితే హాలుకి వీపు పెట్టినట్టే, కానీ ఎదురుగా మైక్రోవేవ్ ఉంటుంది. దాని నల్లటి అద్దంలో టీవీ కనిపిస్తుంది. నవంబరు ఆఖరి వారంలో ఒకరోజు పాలు పొంగకుండా చూస్తూ అద్దంలో ఆమె బంతి ఇసుకలో పడటం చూశాను. ఒక క్షణం తర్వాత తెర మినుకుమంది. బంతి ఇసుకలో లేదు. ఆమె బొమ్మ మళ్ళీ మొదటి చోటే నిలబడి ఉంది.

నేను కప్పులతో వచ్చేసరికి, "బాగా పడిందండీ ఈసారి," అంది ఆనందకుమారి. అంటూ నా కళ్ళలోకి చూసింది.

"అవును, బాగా పడింది," అని టీ ఇచ్చాను.

ఆట అయ్యాక వచ్చే స్కోరు కార్డులో అడుగున సన్నటి అక్షరాలతో, మళ్ళీ ఆడిన దెబ్బలు ఎన్నో ఉంటుంది. ఆమె పేరు కింద ఒకటి అని ఉంది. ఆమె అంత చిన్న అక్షరాలు చదవదు, నేను చదువుతాను. సాయంత్రం ఆమె వెళ్ళాక ఆ రోజు స్కోర్లు డైరీలో రాసుకుంటూ, ఆమె అంకె పక్కన చిన్న గీత పెట్టాను. ఎందుకు పెట్టానంటే, స్కోరు సరిగా ఉండాలి కాబట్టి. ఆమెతో ఆ మాట అనాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. అంటే మళ్ళీ రాదేమోనని భయం.

డిసెంబరు రెండో వారంలో, పొగమంచు పగలు కూడా తేలని ఒక రోజు, ఆమె కంట్రోలర్ చేతిలో పట్టుకుని కొట్టకుండా కూర్చుంది. దీపావళి ముందు వారం తొమ్మిదో బెడ్ మీదున్నామె పోయిందని చెప్పింది. ముప్పై నాలుగేళ్ళ మనిషట. తను పక్క బెడ్ దగ్గర రెండు నిమిషాలు ఉందట. రెండు నిమిషాలే. తర్వాత ఎంక్వయిరీ పెట్టి, నర్సు తప్పేమీ లేదని రాసిచ్చారట. "నా తప్పు కాదని నాక్కూడా తెలుసండీ," అంది. "కానీ ఆ రెండు నిమిషాలు..."

నేను తెర మీద బాణం చూస్తున్నాను. "గాలి ఎడమనుంచి వస్తోంది," అన్నాను. "కాస్త ఎడమకే పెట్టి కొట్టండి."

ఆమె ఎడమకి పెట్టి కొట్టింది.

క్రిస్మస్‌కి చర్చికి రమ్మని పిలిచింది, భోజనం వాళ్ళింట్లోనే అంది. మహేష్‌కి ఆ రోజు సెలవు, ఇంట్లో ఉంటారు, కుదరదేమో అన్నాను. మహేష్ ఆ రోజంతా లాప్‌టాప్ ముందే ఉన్నారు. సాయంత్రం పౌలురాజుగారు వచ్చి గుమ్మంలోంచే కేకు ముక్కలూ అరిసెలూ ఇచ్చి వెళ్ళారు.

జనవరి రెండో వారం నాకు ఎవరి మీద కోపమో ఇప్పటికీ సరిగా తెలియదు. శుక్రవారం మహేష్ ఫోన్ చేసి, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ఈ వీకెండ్ రావడం కుదరదన్నారు. సరే అన్నాను. కూర తెచ్చుకుందామని కిందికి దిగితే, లిఫ్టులో ఆనందకుమారీ, పన్నెండో అంతస్తు వైశాలీ ఉన్నారు. వైశాలి మరాఠీ ఆవిడ, సొసైటీలో ఆడవాళ్ళ కార్యక్రమాలన్నీ ఆవిడే నడిపిస్తుంది. ఆనందకుమారి హిందీలో ఆవిడకి మా గోల్ఫ్ గురించి చెబుతోంది. దీదీ చాలా బాగా ఆడతారు, లెక్కలు కట్టి మరీ ఆడతారు, కానీ వారం రోజులుగా నా చేతిలో ఓడిపోతున్నారు, అంది. వైశాలి నా వైపు తిరిగి, అచ్ఛా, అంది. ఆనందకుమారి నా మోచెయ్యి పట్టుకుని ఊపింది. ఆమె మొహం వెలిగిపోతోంది. నేను కూడా నవ్వాను.

శనివారం పొద్దున్న దీపం పెట్టుకుని, కాఫీ తాగి, టీవీ పెట్టాను. సెట్టింగుల్లోకి వెళ్ళి, మళ్ళీ కొట్టే సదుపాయాన్ని తీసేశాను. ఉండాలా వద్దా అని ఆట ఒకసారి అడిగింది. వద్దన్నాను. ఆటలో ఉన్న ఒక లోపాన్ని సరిచేశాను, అంతే, అనుకున్నాను. ఆ రోజు ఇల్లంతా తుడిచి, కర్టెన్లు ఉతికాను.

సోమవారం ఆనందకుమారి మామూలుగానే వచ్చింది. ఆరో గుంట దగ్గర చెరువు అడ్డం ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి మూడున్నరైంది. నేను టీకి లేచాను. వీపు వెనక బంతి నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది. ఇంగ్లీషాయన నిట్టూర్చాడు. తర్వాత బటన్ నొక్కిన టిక్కు. ఇంకో టిక్కు. మూడోది.

నేను అద్దంలోకి చూడలేదు. టీ మరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

కప్పులు తెచ్చేసరికి ఆమె కంట్రోలర్ రెండు చేతుల్తో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద, ఈ సదుపాయం ఆపివేయబడింది అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఆమె జరిమానా దెబ్బతో మళ్ళీ కొట్టి ఆ గుంట పూర్తిచేసింది. మిగతా మూడూ ఆడింది. బంతితో మాట్లాడలేదు. నేను ఏడు దెబ్బల తేడాతో గెలిచాను. ఆమె టీ పూర్తిగా తాగి, కప్పు తనే సింకులో కడిగి, బోర్లించి, "వస్తానండీ," అని వెళ్ళిపోయింది. రెండు నెలల్లో ఎప్పుడూ కప్పు కడగలేదు. కడగనిచ్చేదాన్ని కాదు.

మంగళవారం రాలేదు. నైట్ చాలా హెవీగా ఉందండీ, పడుకుంటున్నాను, అని మెసేజ్ పెట్టింది. బుధవారం ఏమీ పెట్టలేదు. నేను కూడా పెట్టలేదు. గురువారం రెండింటికి తలుపు గొళ్ళెం తీసి ఉంచాను. శుక్రవారం మహేష్ వచ్చారు. మీ గోల్ఫ్ ఫ్రెండ్ ఎలా ఉందని అడిగారు. బిజీగా ఉందన్నాను. మంచిదేగా అన్నారు.

ఆ తర్వాతి వారం ఒంటరిగా ఆడి చూశాను. ఒక్కరే ఆడితే ఈ ఆటకి ఇంకో లోపం ఉంది. ఆ ఇద్దరు వ్యాఖ్యాతలూ మన గురించే మాట్లాడతారు, మన పేరు మాత్రం పలకరు. ఈ క్రీడాకారిణి అంటారు. రెండు రోజులు విని, మూడో రోజు ఇద్దరి ఆట పెట్టాను. నా దెబ్బ నేను కొట్టి, ఆమె వంతు వచ్చినప్పుడు ఆమెదీ నేనే కొట్టాను. ఆమెలా తొందరగా కొడదామని చూశాను. నాకు రాలేదు. చెయ్యి దానంతటదే ఆగి బాణం వైపు చూసేది. కొట్టకుండా ఊరికే ఉంటే ఆ బొమ్మ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటుంది. చలువ కళ్ళద్దాలు సర్దుకుంటుంది. మళ్ళీ బరువు మార్చుకుంటుంది. ఎంతసేపున్నా విసుక్కోదు. నేను ఒకసారి పావుగంట చూశాను.

అలా చూస్తుండగానే నాకు తొమ్మిదో బెడ్ గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె ఆ మాట చెబుతుంటే నేనేమన్నానో కూడా గుర్తొచ్చింది. వెంటనే టీవీ ఆపేశాను.

జనవరి ఆఖరి బుధవారం కొబ్బరి లౌజు చేసి, డబ్బాలో పెట్టుకుని, లిఫ్టులో పదకొండు నొక్కాను. దిగాక వాళ్ళ తలుపు ఎడమవైపో కుడివైపో తెలియలేదు. నేమ్‌ప్లేట్లు చదువుకోవలసి వచ్చింది. రెండు నెలలు ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను ఒక్కసారైనా పైకి ఎక్కలేదు.

పౌలురాజుగారు తలుపు తీశారు. ఆ రోజు ఆయనకి వీక్లీ ఆఫ్. రండి రండి అని కుర్చీ జరిపి, ఆనందా, వీణగారొచ్చారు, అని పిలిచి, తను మోగుతున్న ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. ఇల్లు మాదే, పైన నాలుగంతస్తులు అంతే. అవే గోడలు, అదే చోట స్విచ్చులు. సోఫా ఉండవలసిన చోట ఇస్త్రీ బల్ల ఉంది. ఆనందకుమారి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. డబ్బా అందుకుని, ఎందుకండీ ఇవన్నీ, అంది.

కాసేపు మంచు గురించి మాట్లాడాం. ఫిబ్రవరి ఒకటి నుంచి తనకి డే డ్యూటీ అని చెప్పింది. అడిగి వేయించుకున్నానంది. మంచిదే కదా, రాత్రుళ్ళు నిద్ర పడుతుంది, అన్నాను. తర్వాత, లిఫ్టులో కూడబలుక్కున్న మాటలు ఆ వరసలోనే చెప్పాను. ఆ సదుపాయం తీసేసింది నేనేనని. తప్పు చేశానని. తొమ్మిదో బెడ్ సంగతి విని కూడా నాకు అర్థం కాలేదని. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పలేని ఉద్యోగంలో ఉన్న మనిషికి, ఒక్కచోటైనా తిప్పుకునే వీలుండాలని ఉంటుందని ఇప్పుడు తెలిసిందని.

ఆమె నన్ను వింతగా చూసింది. "దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?"

"మరి?"

"నాకు ఓడిపోవడం ఇష్టం లేదండీ. చిన్నప్పణ్ణుంచీ అంతే. అష్టాచెమ్మాలో మా అక్క అటు తిరిగితే గవ్వలు తిప్పేసేదాన్ని."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీరు చూస్తున్నారని నాకు తెలుసు," అంది. "ఆ అద్దంలో మీకు టీవీ కనపడితే, నాకు మీ మొహం కనపడదా? చూసి కూడా ఏమీ అనకుండా టీ తెచ్చి చేతికిచ్చేవారు. ఈయనతో కూడా చెప్పేదాన్ని. దొంగాట ఆడినా ఊరుకునేంత ఇష్టం ఆవిడకి నేనంటే, అని. ఆ సోమవారం తెలిసింది, మీరు ఊరుకోలేదని. లెక్కపెట్టుకుంటున్నారని."

చెప్పవలసినవి నాకు చాలా ఉన్నాయి. అంటే మళ్ళీ రారేమోనని భయపడ్డానని చెప్పవచ్చు. ఆ వారం మహేష్ రాలేదని చెప్పవచ్చు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది.

"నలభై మూడు."

"ఏంటి?"

"నలభై మూడు సార్లు."

"అన్నెందుకుంటాయండీ? మహా అయితే పదిహేను."

"క్రిస్మస్ ముందు వారంలోనే పదకొండు," అన్నాను. ఆగుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. "చెరువు దగ్గరే నాలుగు."

"చెరువు దగ్గర రెండుసార్లు కంట్రోలర్ జారిపోయింది. అవి కూడా కలిపేశావా?"

"జారితే బంతి పక్కకి పోతుంది. తిన్నగా నీళ్ళలోకి వెళ్ళింది."

"నువ్వు చూశావా? అప్పుడు నువ్వు పకోడీలు వేస్తున్నావు. నూనె చిటపటలాడుతుంటే మొహం అటు తిప్పుకున్నావు, నేను చూశాను."

"కార్డులో ఉంటుంది అడుగున. ఆట లెక్క వేస్తుంది, నేను కాదు."

"ఆట వేస్తే నువ్వు చూడాలా? చూస్తే రాయాలా?" గొంతు పెరిగింది. నర్సాపురం యాస మొత్తం బయటికొచ్చింది. "నీతో ఏగడం ఎలాగే తల్లీ. నీ లెక్కలకి జడిసే కాబోలు, మీ ఆయన గుర్గావ్‌లో కాపురం పెట్టాడు."

లోపలి గదిలో ఫోన్ మాటలు ఆగిపోయాయి. పౌలురాజుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళు. స్నేహితురాలన్నవాళ్ళు ఎవరూ నన్ను నువ్వు అని, గొంతెత్తి, ఇంత దగ్గరగా కూర్చుని తిట్టలేదు. ఇంకా ఏదైనా అంటుందేమోనని ఆమె మొహం వైపే చూస్తున్నాను. నలభై మూడు కాదు, ఇరవయ్యే అని ఒప్పుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

ఆనందకుమారి భర్తని చూసింది. తర్వాత నన్ను చూసింది. జారిన ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

"సారీ అండీ," అంది. "నిద్ర లేక ఏదేదో అనేశాను. మీరేం మనసులో పెట్టుకోకండి."

"ఏమీ అనుకోలేదు," అన్నాను.

లిఫ్టు దాకా వచ్చింది. బటన్ తనే నొక్కింది. డే డ్యూటీలో పడితే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుందనీ, ఆదివారాలు చర్చి ఉంటుందనీ, వీలున్నప్పుడు ఫోన్ చేస్తాననీ అంది. ఆమె కాళ్ళకి చెప్పులు లేవు. గచ్చు చల్లగా ఉండి ఒక పాదం మీద ఇంకోటి పెట్టుకుని నిలబడింది. ఒక మాట నా గొంతు దాకా వచ్చింది. చాలా చిన్న మాట, ఇందాక కోపంలో ఆమె నన్ను పిలిచిందే. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి.

"చలిగా ఉంది," అన్నాను. "మీరు లోపలికి వెళ్ళండి."